స్పూక్స్‌లో మనకు నచ్చినవాళ్లనే ఎందుకు పంపించేస్తారు? (ఏడో సిరీస్ వరకే స్పాయిలర్లు, దయచేసి)

తిరుచానూరు_పిల్ల
రాత్రి స్పూక్స్ (బ్రిటన్ నిఘా సంస్థ ఎంఐ5 గూఢచారుల మీద బీబీసీ తీసిన షో) ఏడో సిరీస్, అంటే ఏడో సీజన్, మొదలుపెట్టాను. మొదటి ఎపిసోడ్‌లోనే టీమ్‌ని నడిపించే ఆడమ్ కార్టర్ పోయాడు. లండన్‌లో చనిపోయిన సైనికుల సంస్మరణ సభ, చుట్టూ జనం, కారులో బాంబు. ఆ కారును జనానికి దూరంగా తోలుకుపోతాడు. దిగి తప్పించుకునేలోపే పేలిపోతుంది. పోనీ ఏడ్చుకోవడానికి కాస్త టైమ్ ఇచ్చారా అంటే అదీ లేదు. అదే ఎపిసోడ్‌లో లూకస్ నార్త్ అని కొత్త మనిషిని దించేశారు.

మూడో సిరీస్‌లో పాత టీమ్‌లోని టామ్, జోయీ, డానీ ముగ్గురూ వరసగా వెళ్లిపోయినప్పుడే ఆపేయాల్సింది. ఆడమ్ ఉన్నాడు కదా అని కొనసాగించాను. ఇప్పుడు అతనూ లేడు. ఇంక చూడాలా, వద్దా? ఎవరినైనా ఇష్టపడటం మొదలుపెడితే చాలు, వీడికి ఎప్పుడు మూడుతుందో అని టెన్షన్ పట్టుకుంటోంది నాకు.

తోతాపురి
ఆడమ్ పోయింది 2008 అక్టోబర్‌లో అక్కా. దశదినకర్మ కూడా అయిపోయింది.

తిరుచానూరు_పిల్ల
నాకు మాత్రం నిన్న రాత్రి పదకొండు గంటలకు పోయాడు.

గ్రీమ్స్‌పేట_అన్న
నువ్వు మూడో సిరీస్ దగ్గర ఆపేయాల్సింది అంటున్నావు. అసలు వాళ్లు హెచ్చరిక ఇచ్చింది మొదటి సిరీస్ రెండో ఎపిసోడ్‌లోనే కదమ్మా. హెలెన్ ఫ్లిన్ గుర్తుందా? ఆ పాత్ర వేసిన లీసా ఫాక్నర్ అప్పటికే అక్కడి టీవీలో బాగా తెలిసిన ముఖం. ఆమెను చూసిన ఎవరైనా ఈ పిల్ల సిరీస్ మొత్తం ఉంటుందనే అనుకుంటారు. 2002 మే నెలలో, షో మొదలైన రెండో వారానికే, ఆమె ముఖాన్ని మరిగే నూనెలో ముంచి, ఆపై కాల్చి చంపేశారు. బీబీసీకి బోలెడు ఫిర్యాదులు వెళ్లాయి.

కానీ ఆ ఒక్క దెబ్బతో ఒక పని జరిగింది. ఆ తర్వాత ఎనభై నాలుగు ఎపిసోడ్‌లూ, ఎవరు ఒంటరిగా ఒక గదిలోకి అడుగుపెట్టినా మనం కుర్చీ అంచుకు వచ్చేశాం. హీరోకి ఏమీ కాదులే అని కాళ్లు చాపుకొని చూసే సుఖం పోయింది. మొదట్లో తెర మీద నటుల పేర్లు కూడా వేసేవాళ్లు కాదు. కాబట్టి ఎవరు ఉంటారో, ఎవరు ఊడతారో పట్టుకునే దారి కూడా లేదు. గూఢచారి కథకు ఆ భయమే ప్రాణం. అది వద్దనుకుంటే చూడటానికి మన సాయంత్రం సీరియల్స్ ఉన్నాయి.

క్యాంపస్_కాకి
ఆ లీసా ఫాక్నర్ 2010లో బ్రిటన్‌లో సెలబ్రిటీ మాస్టర్‌షెఫ్ గెలిచింది. నూనె మీద పగ తీర్చుకుంది.

తోతాపురి
😂😂 కాకీ, ఈ సంవత్సరానికి ఇది చాలు. ఇంక నువ్వు ఏమీ పోస్ట్ చేయనక్కర్లేదు.

నైట్_షిఫ్ట్_నర్స్
@గ్రీమ్స్‌పేట_అన్న సాయంత్రం సీరియల్స్‌ని అంత తేలిగ్గా తీసేయకండి. వాళ్లకి ఉన్న ధైర్యం బీబీసీకి లేదు. అక్కడ నటి మారిపోతే "ఇకపై ఈ పాత్రలో" అని కింద ఒక లైను వేసి, అదే చీరలో కొత్తామెను కూర్చోబెడతారు. భర్తకి కూడా అనుమానం రాదు. మా అత్తగారు రెండు రోజులు సణుగుతారు, మూడో రోజుకి కొత్తామె మీద కూడా అదే ప్రేమ.

స్పూక్స్‌లో నటుడు వెళ్లిపోతే పాత్రను కూడా తీసుకుపోతాడు. అదే తేడా. అక్కడ మనిషి లేని లోటు నిజంగా లోటుగానే ఉంటుంది.

రేణిగుంట_జంక్షన్
అసలు కారణం ఎవరూ మాట్లాడటం లేదు. ఇది కథ కోసం చేసింది కాదు, నటులు వెళ్లిపోవాలనుకున్నారు. టామ్‌గా వేసిన మాథ్యూ మక్‌ఫాడియెన్ 2004లో వెళ్లాడు, మరుసటి ఏడాదికే ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ సినిమాలో హీరో డార్సీ అయ్యాడు. డానీగా వేసిన డేవిడ్ ఓయెలోవో తర్వాత మార్టిన్ లూథర్ కింగ్ పాత్ర వేశాడు. జోయీగా వేసిన కీలీ హాజ్ కూడా పెద్ద పెద్ద సిరీస్‌లు చేసింది. సిరీస్ వీళ్లను స్టార్లను చేసింది, స్టార్లు అయ్యాక ఎందుకు ఉంటారు? రచయితలు చేసిందల్లా వెళ్లేవాళ్లను కాస్త గౌరవంగా సాగనంపడమే.

తిరుచానూరు_పిల్ల
టామ్‌ని గౌరవంగా సాగనంపారా? రెండో సిరీస్ చివర్లో సముద్రంలోకి నడుచుకుంటూ పోతాడు, చచ్చాడో బతికాడో తెలియక మనం ఏడుస్తాం. మూడో సిరీస్‌లో తిరిగొస్తాడు. వచ్చిన రెండో ఎపిసోడ్‌కే ఉద్యోగంలోంచి పీకేస్తారు! ఎందుకు, ఒక మనిషి జీవితాన్ని నాశనం చేసే ఆపరేషన్ తప్పు అన్నందుకు.

గ్రీమ్స్‌పేట_అన్న
నాకు అదే అన్నిటికంటే గొప్ప వీడ్కోలు అనిపిస్తుంది. బుల్లెట్ లేదు, బాంబు లేదు. మనస్సాక్షి మేలుకుంది కాబట్టి ఇంక నువ్వు పనికిరావు అన్నారు. ఆ వృత్తి గురించి మొత్తం పది సిరీస్‌లలో అంత నిజం ఇంకెక్కడా చెప్పలేదు.

చంద్రగిరి_కోట
మా నాన్న పోలీసు శాఖలో నిఘా విభాగంలో చేసి రిటైర్ అయ్యారు. నేను ఇది చూస్తుంటే పక్కన కూర్చొని ఒకటే నవ్వు. "ఇంతమంది చచ్చిపోయే ఆఫీసైతే ఎవడు చేరతాడ్రా" అని. ఆయన చెప్పేదేమంటే, అక్కడ మనుషులు మాయమయ్యేది ట్రాన్స్‌ఫర్ ఆర్డర్‌తో. ఏళ్ల తరబడి పక్క పక్క టేబుళ్లలో పనిచేసినవాడు సోమవారం కనిపించడు. ఎక్కడికి వేశారో అడగకూడదు. టీ తెచ్చే కుర్రాడు మాత్రం అలవాటు కొద్దీ ఇంకో నాలుగు రోజులు ఒక కప్పు ఎక్కువ తెస్తాడట.

అలాంటి మనిషి జోయీ వెళ్లిపోయే ఎపిసోడ్‌కి మాత్రం నవ్వలేదు. పై నుంచి వచ్చిన ఆపరేషన్‌లో ఒక పోలీసు చనిపోతాడు, శిక్ష జోయీకి పడుతుంది. వాళ్ల బాస్ హ్యారీ ఆమెను జైలు నుంచి తప్పించి కొత్త పేరుతో చిలీకి పంపించేస్తాడు. ఆమె బతికే ఉంది, కానీ జోయీ రేనాల్డ్స్ అనే మనిషి ఇంక లేదు. మా నాన్న టీవీ ఆపేసి, "కింది ఉద్యోగిని బలిస్తారు, అది నిజమే" అని లోపలికి వెళ్లిపోయారు.

నైట్_షిఫ్ట్_నర్స్
మీ నాన్నగారికి ఈ వేదికలో ఒక అకౌంట్ తెరవండి అన్నా.

క్యాంపస్_కాకి
మన ఊరి విషయం ఎవరూ ఎత్తడం లేదేంటి? ద ఫ్యామిలీ మ్యాన్ తీసిన ఇద్దరూ మనవాళ్లే. రాజ్ నిడిమోరుది తిరుపతి, డీకేది చిత్తూరు, ఇద్దరూ మా ఎస్వీయూ ఇంజినీరింగ్‌లో చదివారు. మరి రెండో సీజన్‌లో హీరో శ్రీకాంత్ టీమ్‌లోని మిలింద్‌ని ఎందుకు చంపారని అడిగే హక్కు నాకుంది. సీనియర్లను జూనియర్ అడుగుతున్నాడు అనుకోండి.

మొదటి సీజన్ చివర్లో కెమికల్ ఫ్యాక్టరీలో జరిగినదానికి ఆ కుర్రాడు లోలోపల కుళ్లిపోయి ఉంటాడు. రెండో సీజన్ అంతా ఆ గాయంతోనే తిరుగుతాడు. కాస్త తేరుకుంటాడేమో అనుకునేసరికి పోలీస్ స్టేషన్ మీద దాడి, అయిపోయింది. మా హాస్టల్లో ఆ రాత్రి ఎవరూ ఏమీ మాట్లాడలేదు. మరుసటి రోజు నుంచి మీమ్స్ అన్నీ చెల్లం సార్ మీదే! మిలింద్‌ని తలుచుకున్న నాథుడు లేడు.

తోతాపురి
డీకే చిత్తూరు అని గట్టిగా రాయి. మీ తిరుపతి వాళ్లు అన్నీ మీ ఖాతాలో వేసుకుంటారు.

రేణిగుంట_జంక్షన్
ప్రియమైన పాత్రలు వెళ్లిపోవడం గురించి చిత్తూరు వాళ్లు చెప్పాలి. 2022 ఏప్రిల్‌లో తిరుపతే మీ జిల్లా నుంచి వెళ్లిపోయింది.

తోతాపురి
వెళ్లిపోతే వెళ్లిపోయింది. మాకు కాణిపాకం ఉంది, మామిడి ఉంది. రేటింగ్ పడలేదు.

బాలాజీకాలనీ_బాబాయ్
మిలింద్ సంగతి నిజమే. కానీ మూడో సీజన్‌లో శ్రీకాంత్ బాస్ కులకర్ణి పోయినప్పుడు అంత బాధ కలగలేదు నాకు. నాగాలాండ్‌లో దాడి జరుగుతుంది, ఆయన పోతాడు, కథ అక్కడి నుంచి బయల్దేరుతుంది. శ్రీకాంత్‌ని పరుగెత్తించడానికి ఎవరో ఒకరు చావాలి కాబట్టి చంపారు అనిపించింది. నాలుగేళ్లకు పైగా ఎదురుచూపించి, వచ్చీ రాగానే ఇదా?

స్పూక్స్‌లో కూడా ఈ తేడా చూడొచ్చు. డానీ పోయినప్పుడు ఎవరో ఒకరిని చంపాలి అని కాక, తన ప్రాణం తీసినా తనతోపాటు బందీగా ఉన్న ఆడమ్ భార్య ఫియోనాను వదిలేయాలని అతనే ముందుకొచ్చాడు. చావు అతని నిర్ణయం. రూత్ చివర్లో చనిపోయినప్పుడు కూడా అంతే, హ్యారీకి అడ్డుగా వచ్చి

నైట్_షిఫ్ట్_నర్స్
బాబాయ్!!!!

క్యాంపస్_కాకి
ఏడో సిరీస్ వరకే అని పైన అంత పెద్దక్షరాలతో రాసింది కదా అక్క

తోతాపురి
బాబాయ్‌ని కూడా కొత్త పేరుతో చిలీకి పంపించేయండి.

తిరుచానూరు_పిల్ల
ఆగండాగండి. రూత్ చనిపోవడమేంటి, రూత్ ఐదో సిరీస్‌లోనే వెళ్లిపోయింది కదా? హ్యారీని కాపాడటానికి తను చచ్చినట్టు నాటకం ఆడి, తెల్లారుజామున పడవెక్కి పోయింది. ఆ ముద్దు సీన్ నాలుగుసార్లు చూశాను నేను. అంటే ఆమె తిరిగొస్తుందా??

గ్రీమ్స్‌పేట_అన్న
ఇంక దాచి లాభం లేదు. ఎనిమిదో సిరీస్‌లో వస్తుంది, 2009లో. మిగతాది చెప్పమంటేనే చెప్తాను.

తిరుచానూరు_పిల్ల
చెప్పేయండి. అన్నీ చెప్పేయండి. ఎవరు, ఎప్పుడు. నాకు ఆశ్చర్యం వద్దు, ముందే తెలిస్తే కాస్త గుండె గట్టి చేసుకుంటాను. మా అమ్మ నవల చివరి పేజీ చదివాకే మొదటి పేజీ తెరుస్తుంది. ఇన్నాళ్లూ వెక్కిరించేదాన్ని, ఇప్పుడు నాదీ అదే పార్టీ. టైటిల్‌లో ఉన్న గీత చెరిపేసినట్టే అనుకోండి.

నైట్_షిఫ్ట్_నర్స్
సరే, విను. జో (జోయీ కాదు, తర్వాత టీమ్‌లోకి వచ్చిన అమ్మాయి) ఎనిమిదో సిరీస్‌లో పోతుంది, మూడో ఎపిసోడ్. అదే టీమ్‌లోని రోస్ పేల్చిన తూటాకే. బాంబు మీట నొక్కబోయేవాణ్ణి జో గట్టిగా పట్టుకుంటుంది, కాల్చమని కళ్లతోనే చెబుతుంది. రోస్ కాలుస్తుంది. ఒకే తూటాకు ఇద్దరూ. ఆ సిరీస్ చివరికి రోస్ కూడా. హోటల్లో బాంబు ఉంటుంది, మంత్రిని వదిలేసి బయటికి రావచ్చు, రాదు.

నేను మొత్తంలో ప్రేమించింది రోస్ మైయర్స్‌నే. నవ్వదు, ఎవరికీ నచ్చాలని చూడదు, ఏడ్చినా తలుపు వేసుకొని ఏడుస్తుంది. ఐసీయూలో పనిచేసేవాళ్లకి ఆమె బాగా అర్థమవుతుంది. జో పోయిన తర్వాత రోజు ఆమె డ్యూటీకి వచ్చిన తీరు చూస్తే, అలాంటి సీనియర్ సిస్టర్లు నాకు కనీసం ఇద్దరు తెలుసు. రోస్ పోయాక నేను వారం రోజులు ఆ సిరీస్ జోలికి పోలేదు. కోపంతో కాదు. వెంటనే తర్వాతి ఎపిసోడ్ పెడితే ఆమెను చిన్నబుచ్చినట్టు ఉంటుందని. మా ఆయనకి ఇది ఇప్పటికీ అర్థం కాలేదు.

తిరుచానూరు_పిల్ల
నాకు అర్థమైంది అక్కా.

రేణిగుంట_జంక్షన్
నాకూ అర్థం కాలేదు. మీ ఆయన పక్షం నేను.

బాలాజీకాలనీ_బాబాయ్
నన్ను చిలీ నుంచి మాట్లాడనిస్తారా? ఇంతమంది చావులూ భరించాను నేను. కానీ లూకస్ నార్త్‌కి చేసింది మాత్రం క్షమించలేను. రష్యా జైల్లో ఎనిమిదేళ్లు నరకం చూసొచ్చిన మనిషి. రెండు సిరీస్‌లు మనం అతనితో నడిచాం. తొమ్మిదో సిరీస్‌కి వచ్చేసరికి అసలు నువ్వు లూకస్‌వే కాదు, జాన్ బేట్‌మన్ అనే వేరే మనిషివి, డకార్‌లో రాయబార కార్యాలయం పేల్చినవాడివి, నిజమైన లూకస్‌ని చంపి అతని పేరు పెట్టుకున్నావు అన్నారు. చివరికి మేడ మీంచి పడి చనిపోతాడు.

ఆడమ్ చనిపోతే ఆడమ్‌ని పోగొట్టుకున్నాం, కానీ పాత ఎపిసోడ్‌లు పెట్టుకుంటే అతను అక్కడ అలాగే ఉంటాడు. లూకస్ విషయంలో వెనక్కి వెళ్లి చూసినా ఏమీ మిగలదు. ఆ జైలు కష్టం చూసి మనం కార్చిన కన్నీళ్లు ఎవరి కోసం? పాత్రను చంపండి, తప్పులేదు. ఉన్న పాత్ర అసలు లేదని చెప్పకండి.

గ్రీమ్స్‌పేట_అన్న
ఇక్కడ నేను ఒప్పుకోను. అబద్ధమే వృత్తిగా బతికేవాళ్ల కథ ఇది. పక్కవాడు చెప్పిన పేరు నిజమో కాదో తెలియదు అన్నదే మొదటి ఎపిసోడ్ నుంచి ఉన్న భయం. దాన్ని ఒక్కసారి ప్రేక్షకుడి మీదే ప్రయోగించారు. మోసపోయామని నీకు కోపం వచ్చిందంటే హ్యారీకి ఎలా ఉంటుందో నీకు తెలిసినట్టే.

బాలాజీకాలనీ_బాబాయ్
మోసం ముందే అల్లుకొని ఉంటే ఒప్పుకుంటాను అన్నా. ఏడో సిరీస్ మళ్లీ చూడు, ఎక్కడైనా ఒక్క సూచన ఉందా? ఒంటరిగా గదిలో ఉన్నప్పుడు కూడా అతను లూకస్ లాగే ఉంటాడు. ఎవరూ చూడనప్పుడు ఎవరి కోసం నటిస్తున్నాడు? తర్వాత ఎవరికో తట్టిన ఆలోచనను వెనక్కి తీసుకెళ్లి అతికించారు. అతుకు కనిపిస్తోంది.

చంద్రగిరి_కోట
"ఎవరూ చూడనప్పుడు ఎవరి కోసం నటిస్తున్నాడు" అన్నదానికి గ్రీమ్స్‌పేట అన్న దగ్గర జవాబు ఉంటే వినాలని ఉంది.

గ్రీమ్స్‌పేట_అన్న
ఎనిమిదేళ్లు కొట్టించుకున్నవాడికి ఏ పేరు తనదో తనకే మర్చిపోయి ఉండొచ్చు. భోజనం చేసొచ్చి రాస్తాను.

తోతాపురి
అన్న భోజనానికి పోయాడంటే ఓడిపోయాడని లెక్క. ఇక్కడ అందరికీ తెలుసు.

క్యాంపస్_కాకి
స్లో హార్సెస్ (అదీ బ్రిటిష్ గూఢచారుల షోనే) చూసేవాళ్లు ఎవరైనా ఉన్నారా? అక్కడ కూడా రెండో సీజన్‌లో మిన్ హార్పర్, నాలుగో సీజన్‌లో మార్కస్. కానీ తర్వాతి సీజన్లలో కూడా ఆ లోటు కనిపిస్తుంది. మిన్ పోయాక లూయీసా మునుపటి మనిషి కాదు. స్పూక్స్‌లో నాకు నచ్చనిది అదే. వచ్చే వారానికి కొత్త మనిషి, కొత్త టేబుల్, అందరూ మామూలే.

నైట్_షిఫ్ట్_నర్స్
@క్యాంపస్_కాకి అందరూ కాదు, హ్యారీ ఉన్నాడు. పది సిరీస్‌లలోనూ ఉన్నది పీటర్ ఫర్త్ ఒక్కడే. పోయిన ప్రతి ఒక్కరి బరువూ అతని ముఖం మీదే పేరుకుంటూ వచ్చింది. మొదటి సిరీస్ హ్యారీని, చివరి సిరీస్ హ్యారీని పక్కపక్కన పెట్టి చూడు.

రేణిగుంట_జంక్షన్
రూత్ సంగతి ఎవరూ పూర్తి చేయలేదు. ఆమెను తిరిగి తేవడం తప్పు అంటాను నేను. ఐదో సిరీస్ వీడ్కోలు చక్కగా కుదిరింది, దాన్ని చెడగొట్టారు. మనకు 2022లో కార్తీక దీపంలో జరిగింది కదా, మార్చిలో డాక్టర్ బాబునీ వంటలక్కనీ యాక్సిడెంట్‌లో పోయినట్టు చూపించి కథను పిల్లల తరానికి దూకించారు. జనం గోల పెట్టారు. కొన్ని నెలలకే ఇద్దరూ బతికొచ్చారు. తర్వాత ఆ సీరియల్‌లో ఎవరికి ఏమైనా ఎవరైనా నమ్మారా?

నైట్_షిఫ్ట్_నర్స్
మా అత్తగారు నమ్మారు. ఆ యాక్సిడెంట్ రోజు మా ఇంట్లో రాత్రి వంట లేదు.

పోలిక మాత్రం సరిపోదు. రూత్ చచ్చిపోయి తిరిగి రాలేదు, దాక్కుంది. అది మనకు మొదటి నుంచీ తెలుసు. పైగా వచ్చాక ఆమెకు సుఖం ఏమీ పెట్టలేదు. సైప్రస్‌లో కట్టుకున్న కొత్త జీవితం మొత్తం కూలిపోయి వచ్చింది. చివరి ఎపిసోడ్‌లో ఉద్యోగాలు వదిలేసి, ఊరి బయట ఆకుపచ్చ తలుపున్న ఇంట్లో హ్యారీతో ఉండాలని మాట్లాడుకుంటారు. కాసేపటికే గాజు ముక్క. తర్వాత హ్యారీ ఒంటరిగా ఆ ఇల్లు చూడటానికి వెళ్తాడు. 2011 అక్టోబర్ నాటి ఎపిసోడ్. ఆమె తిరిగి రాకపోతే అది మనకు ఉండేది కాదు.

బాలాజీకాలనీ_బాబాయ్
అదే ఎపిసోడ్‌లో టామ్ కనిపిస్తాడు. ఏడేళ్ల తర్వాత, నిమిషం కూడా ఉండడేమో. మనస్సాక్షి కోసం ఉద్యోగం పోగొట్టుకున్న మనిషిని హ్యారీ లెక్కలు తేల్చడానికి వాడుకోవడం బాగుందా అని నాలో ఒకడు అడుగుతున్నాడు. ఇంకొకడు మాత్రం ఆ ముఖం కనపడగానే మంచం మీంచి లేచి నిలబడ్డాడు.

తోతాపురి
నిలబడినవాడే నిజమైన బాబాయ్. అడిగేవాడు జాన్ బేట్‌మన్.

గ్రీమ్స్‌పేట_అన్న
భోజనం అయింది. బాబాయ్, ఏడో సిరీస్ మళ్లీ వేసి రెండు ఎపిసోడ్‌లు చూశాను. ఆ గది సీన్‌లో సూచన లేదన్న మాట నిజమే. అయినా తొమ్మిదో సిరీస్ బోరు కొట్టలేదు నాకు. ఇంతకు మించి దిగిరాను.

తిరుచానూరు_పిల్ల
ఎనిమిదో సిరీస్ మొదలుపెట్టాను. రూత్ వచ్చింది, ఏం జరుగుతుందో తెలిసి కూడా ఏడ్చాను, మీ అందరి పుణ్యం. కానీ మాల్కమ్ రాజీనామా చేసి వెళ్లిపోయాడేంటి? మొదటి ఎపిసోడ్‌లోనే! ఇంతసేపు ఇన్ని చావులు చెప్పారు, ఆ మంచి మనిషి గురించి ఒక్కరూ ఒక్క ముక్క చెప్పలేదు. మొదటి సిరీస్ నుంచి ఉన్నాడు, ఒక్కరి మీద అరవలేదు, తనతో పనిచేసే కోలిన్ పోయినప్పుడు ఎంత కుంగిపోయాడు పాపం.

తోతాపురి
బతికుండగా బయటపడ్డాడు అక్కా. ఆ ఆఫీసులో దాన్ని ప్రమోషన్ అంటారు.

నైట్_షిఫ్ట్_నర్స్
పదో సిరీస్‌లో ఒకసారి కనిపిస్తాడు, దిగులుపడకు. మూడో ఎపిసోడ్ మాత్రం రాత్రిపూట పెట్టకు. నాకు శనివారం ఆఫ్, ఫోన్ పక్కన పెట్టుకొని ఇద్దరం ఒకేసారి చూద్దాం.